నాంపల్లి తబేలా, రెండు సీట్ల కారు

గురువారం రాత్రి, నాంపల్లి

నేను యాదమ్మను, డెబ్బై ఏళ్ళదాన్ని. కొడుకు నర్సింగ్, కోడలు లక్ష్మి, మనవరాలు సుజాత నా ఇంటివాళ్ళు. నేను చెబుతుంటే సుజాత రాస్తోంది.

నా పెనిమిటి టాంగాలు నడిపి సంపాదించిన గుర్రాల తబేలా ఇప్పుడు నా పేరు మీద ఉంది, కిరాయికి ఇచ్చాం. ఆ కిరాయితోనే ఇల్లు గడుస్తోంది. ఆ తబేలాను అమ్మి కొత్త స్పోర్ట్స్ కారు కొంటానని నర్సింగ్ ఇవాళ నన్ను ఆబిడ్స్‌లో దుకాణానికి తీసుకుపోయాడు. ఎర్రటి కారు. రెండే తలుపులు, రెండే సీట్లు.

"గంటకు నూరు మైళ్ళు పోతదమ్మా!"

"ఆబిడ్స్‌ల నూరు మైళ్ళ సడక్ ఏడుంది రా?"

దుకాణం అతన్ని అడిగాను. "బిడ్డా, గిది కొని రేపు వాపస్ తెస్తే ఎంతిస్తవు?"

అతను నవ్వాడు. "అవ్వా, ఒక్కసారి రోడ్డెక్కితే ధరల నాలుగో వంతు పాయె. ఏడాదైతే ఇంకింత పోతది."

మా గుర్రాలు అట్లా కాదు. స్టేషన్ దగ్గర రైలు కూతకు బెదరకుండా అలవాటైన గుర్రానికి కొన్నప్పటికంటే ఎక్కువ ధర పలికేది.

అయినా ఒకటి మనసులోంచి పోవడం లేదు. నర్సింగ్ ఆ కారు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. వాళ్ళ నాయన కొత్త గుర్రం మెడ మీద అచ్చం అట్లాగే చెయ్యి వేసేవాడు. నేను వద్దన్నాక వాడు అన్నం తినకుండానే పడుకున్నాడు.

తబేలా అమ్మకం కాగితం కోసం వాడు తెచ్చిన సిరాతోనే ఇక్కడ వేలిముద్ర వేస్తున్నాను. ఆ కాగితం మీద వెయ్యను.

యాదమ్మ, ఎడమ బొటనవేలు.
సాక్షులు: లక్ష్మి, సుజాత. నర్సింగ్ పేరుకు చోటు వదిలాం, ఒప్పుకున్ననాడు రాస్తాడు.