చెల్లినట్టా, చెల్లనట్టా?

సోమవారం

ముందు ఒక సంగతి రాయాలి. ఏళ్ల తరబడి గొంతులో ముల్లులా ఉంది.

నా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు, ఒక పెళ్లి భోజనాల దగ్గర అందరి ముందూ అన్నాడు: "అన్నయ్యా, నీ స్కూటరూ నువ్వూ కాలం చెల్లిన సరుకు." పొగిడాడనుకున్నాను. చెల్లని నోటంటే పనికిరానిది. చెల్లినదంటే పనికొచ్చేదే కదా! "అంతేగా మరి!" అని తలూపాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ఘొల్లుమన్నారు. మా ఆవిడ కూడా నవ్వింది. మిగతావాళ్ల నవ్వు మరిచిపోయాను. ఆవిడ నవ్వు మరవలేదు.

ఈ రోజు మళ్లీ అదే మాట! ఆవిడను టైలర్ షాపులో దించడానికి వెళ్తున్నాను. అక్కడ కాజాలు కుడుతుంది. చేరిన రోజు నుంచి దించేది నేనే. కూడలిలో ట్రాఫిక్ పోలీసు ఆపాడు. రిజిస్ట్రేషన్ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనికి కాలం చెల్లింది పెద్దాయనా."

"చెల్లిందని నువ్వే అంటున్నావు. మరి ఆపడం దేనికి?"

నవ్వు ఆపుకుంటూ జరిమానా రాశాడు. మళ్లీ దొరికితే రెట్టింపట. బండి కూడా స్టేషనుకే. ఎవరినైనా గుద్దితే బీమావాళ్లు చిల్లిగవ్వ ఇవ్వరట.

ఆవిడ అక్కడే దిగిపోయింది. "కొత్త కాగితం వచ్చేదాకా నీ వెనక కూర్చోను" అంది.

సరే. రాసి పెడుతున్నా. కాగితం వచ్చేదాకా బండి ముట్టను! తాళంచెవి ఆవిడకే ఇచ్చేశాను. గుండీల డబ్బాలో వేసి మూత బిగించింది. నేను తాళాలు బాగుచేసేవాణ్ణి. నా మాటా తాళం లాంటిదే. పడితే పడ్డట్టే!

మంగళవారం

నడిచే వెళ్లాను. కాళ్లు భేషుగ్గా ఉన్నాయి. నడక మంచిది. అందరూ నడవాలి!

రవాణా ఆఫీసు. గుమాస్తా తలెత్తకుండానే చెప్పాడు.

"బండి తెచ్చి చూపించాలి. తనిఖీ అయ్యాకే కాగితం."

"కాగితం లేకుండా బండి నడిపితే?"

"నేరం."

"నడపకుండా ఎలా తేవాలి?"

"ట్రాలీలో ఎక్కించి తెండి. లేదంటే నెట్టుకు రండి."

"నా వయసెంతో తెలుసా నీకు?"

"మాకు బండి వయసు చాలండి."

చెల్లిన అన్న మాటకు అర్థం అడిగాను. సందేహాలుంటే రాసి ఇమ్మన్నాడు. నేను రాయలేననుకున్నాడు. రాస్తాను.

ట్రాలీవాడికి ఫోన్ చేయాలి. రేపు.

బుధవారం

పొద్దున్నే తోడల్లుడు కొత్త బండేసుకుని గుమ్మం ముందు దిగబడ్డాడు. "వదినా, నేనూ అటే వెళ్తున్నా. రండి." ఎక్కింది!

సాయంత్రం వచ్చి, "సీటు ఎంత మెత్తగా ఉందో" అంది. నేనేమీ అడగలేదు.

మధ్యాహ్నం పని లేక ఒక తాళంచెవి చేశాను. చేతికి అలవాటు తప్పకూడదు కదా. స్కూటరుకి పెట్టి చూశాను. పట్టింది. పట్టకపోతే నా పరువేం కాను?

ట్రాలీవాడు రేపు.

గురువారం

ఊరికే ఉంచితే బ్యాటరీ చస్తుంది. అందుకని స్టాండు మీదే స్టార్ట్ చేశాను. చక్రం తిరిగింది, బండి కదల్లేదు. కాబట్టి నడిపినట్టు కాదు.

సాయంత్రం సందు చివరిదాకా దిగాను. ఇంజను ఆపేసే! అది పల్లం. వాన నీళ్లు కూడా దిగుతాయి. నీళ్లను ఎవరైనా రిజిస్ట్రేషన్ అడుగుతారా?

మళ్లీ పైకి నెట్టుకొచ్చేసరికి నడుము పట్టేసింది. ఆవిడ మందు రాస్తూ, "ఏం చేశావు?" అంది. "నడక ఎక్కువైంది" అన్నాను. అబద్ధం కాదు. పైకి వచ్చింది నడిచే.

శుక్రవారం

పొద్దున ఫోన్. ఎవరో ఒకావిడ. ఆవిడ తలుపు బయట, తాళంచెవి తలుపు లోపల, పాలు పొయ్యి మీద. ఇది నడిచి వెళ్లే పనేనా? బండి స్టార్ట్ చేసింది నేను కాదు. ఆ పాలు!

కూడలి. అదే పోలీసు.

"ఇవాళ కూడా చెల్లిందా పెద్దాయనా?"

"అవతల పాలు పొంగిపోతున్నాయి నాయనా!"

"పొంగనివ్వండి. దిగండి."

రెట్టింపు రాశాడు. బండిని నలుగురు పట్టుకుని లారీలోకి ఎత్తారు. సరిగ్గా అప్పుడే తోడల్లుడి బండి వచ్చి ఆగింది. వెనక మా ఆవిడ. భూమి చీలితే బాగుండుననిపించింది.

"అప్పుడే చెప్పానా అన్నయ్యా, కాలం చెల్లిన..." అని మొదలెట్టాడు.

ఆవిడ దిగింది. "మరిదిగారూ, మీకు ఆలస్యమవుతోంది. పదండి."

"మరి మీరు, వదినా?"

"మా ఇంటి సరుకు మేం మోసుకుంటాం."

వాడు వెళ్లిపోయాడు. నా ఛాతీ ఇంత అయింది. వాడి బండి మలుపు తిరిగేదాకా ఆవిడ ఆగింది. ఆ తరవాత మొదలైంది. "డబ్బా మూత తీయలేదు. మరి ఆ తాళంచెవి ఎక్కడిది?" పాలావిడ ఇంటిదాకా తిట్టింది. తాళం తీశాను. గిన్నె బొగ్గయింది. కూలి అడగలేదు. అక్కణ్ణించి షాపుదాకా మళ్లీ తిట్టింది. పక్కనే నడుస్తూ తిట్టింది. వెనక కూర్చుని తిట్టినప్పుడు గాలికి సగమే వినపడేవి.

సోమవారం

మళ్లీ మొదలు! ఈ రోజు నుంచి బండి ముట్టను. ఈసారి తిరుగు లేదు. బండి స్టేషను ఆవరణలో ఉంది. అక్కణ్ణించి ట్రాలీలోనే తనిఖీకి పోవాలట. ట్రాలీవాడికి మొదటిరోజే ఫోన్ చేసి ఉంటే... అది రాయను. ఈ రోజు చేశాను. గురువారం వస్తానన్నాడు.

ఆవరణ గేటుకి పాతకాలపు తాళం వేశారు. కళ్లు మూసుకుని తీస్తాను. చూశానంతే!

గుమాస్తా రాసి ఇమ్మన్నాడుగా. ఈ మాట వేరే కాగితం మీద రాసి ఇచ్చి వచ్చాను: అయ్యా, చెల్లినది చెల్లినట్టా, చెల్లనట్టా? శుక్రవారం లోపల జవాబు చెప్పాలి.

ఇంకొకటి ఉంది. అది ఆఫీసుకి కాదు. ఈ పేజీ తెరిచి గుండీల డబ్బా కింద పెడుతున్నాను. నేను చేసిన తాళంచెవి కూడా డబ్బాలోనే వేశాను. లెక్క చూసుకో, రెండున్నాయి.

ఆ రోజు భోజనాల దగ్గర నువ్వెందుకు నవ్వావు?

నీకూ శుక్రవారమే గడువు. దాటితే ఆ జవాబు చెల్లదు.