మీ అమ్మ చూస్తుండగానే

చిట్టితల్లీ,

పడలేదమ్మా, పడలేదు! మీ అమ్మ కళ్ళారా చూస్తుండగానే టీవీలో మన రష్యా స్కేటింగ్ పిల్ల మంచు మీద ఒంటికాలితో వాలి నిలబడింది!

మీ అమ్మ చూసిన మొదటిసారే ఆ పిల్ల పడిందని, ఆ పిల్ల ఆడేటప్పుడు మీ అమ్మ గదిలో ఉండకూడదని మనమే కదా తేల్చాం. నీ పెళ్ళయ్యాక కూడా నేను ఆ నియమం తప్పలేదు. జోడీ అబ్బాయి పైకి విసరడానికి ఆ పిల్ల నడుం పట్టుకోగానే మీ అమ్మని "ఇక లేవవే" అనేవాణ్ణి. పాపం వంటింట్లోకి పోయి, తలుపు చాటునుంచి "పడిందా?" అని అడిగేది. ఇవాళ మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

"నేను లేనప్పుడూ పడిందిగా! పడిన ప్రతిసారీ టీవీ ముందున్నది మీరే," అంది.

ఇంతలో జోడీ అబ్బాయి పైకి విసిరేశాడు. ఆ పిల్ల గాల్లో బొంగరంలా గిర్రున తిరిగి, పువ్వులా వాలింది. మీ అమ్మ చప్పట్లు కొట్టి కొట్టి, చివరికి నా వీపు కూడా వాయించింది. నవ్వలేక చచ్చామనుకో!

అల్లుడుగారికి వెంటనే చెప్పు. అన్నయ్యకీ వదినకీ చెప్పు, బాబాయికి చెప్పు. మీ అమ్మది దిష్టికన్ను అని నవ్విన మేనత్తకు రెండుసార్లు చెప్పు. ఎల్లుండి ఫైనల్‌కి మీ అమ్మ నన్ను వంటింట్లోకి పొమ్మంది, అది మాత్రం మేనత్తకు చెప్పకు.

మీ నాన్న