పెప్పర్‌మింట్ చల్లదనం

వదినగారికి నమస్కారాలు.

మీరు పంపిన పెప్పర్‌మింట్ నూనె అందింది. మీరు చెప్పినట్టే కొబ్బరినూనెలో రెండు చుక్కలు కలిపి, మీ చెల్లెలి తలకు రోజూ నేనే పట్టిస్తున్నాను. తలలో గడ్డ తీసినప్పుడు గొరిగిన చోట నూగులా జుట్టు మొలిచింది. మొదటిరోజు "తలలో ఫ్యాను పెట్టారా ఏంటి?" అని ఎంత నవ్విందో! మొన్న మాత్రం ఎడమవైపు చల్లదనం తెలియడం లేదంది. నూనె పాతబడిందేమోనని నా చేతిమీద రాసుకుని చూశాను. జిల్లుమంది. డాక్టరుగారికి చెబుదామంటే వద్దని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నిన్న తలంతా పట్టించి, "చల్లగా ఉందా?" అని అడిగాను.

"ముందు రాయండి, తర్వాత అడుగుదురుగాని" అంది.

ఈ ఉత్తరం అందగానే బయల్దేరండి వదినగారూ. జుట్టు మాత్రం బాగానే వస్తోంది.

మీ మరిది