రెండో చెంబు నీళ్లు

అన్నా,

సమ్మెతో బస్సులు, రైళ్లు ఆగిపోయాయి. విశాఖ వచ్చి నీ ఎదుట కూర్చుని చెప్పాలనుకున్న మాటను జనగామ నుంచి రాయక తప్పడం లేదు.

మీ నౌకాదళ యుద్ధ విమానాల స్క్వాడ్రన్ చరిత్ర పుస్తకం కోసం, డెబ్బై ఒకటి యుద్ధంలో నువ్వు ఆ విమానాలు మోసే ఓడ నుంచి రాసిన ఉత్తరాలు అడిగావు. ఒక్కటి తప్ప అన్నీ కొరియర్‌లో పంపుతున్నాను.

ఆ ఒక్కదానిలో, "అవ్వా, నేను బిగించిన బాంబులు పడ్డకాడ గూడ నీ లెక్క తల్లులుంటరు గద. దేవుడు నన్ను మాఫ్ జేస్తడా? ఒక్క మాట రాయించు" అని అడిగావు. చదువు రాని అవ్వకు ఉత్తరాలు చదివిపెట్టేది పదేళ్ల నేనే. నీ కోసం ఆమె అప్పటికే ఒక్కపొద్దులు ఉంటోంది. భయపడి ఆ మాటలు దాటేసి, "మంచిగున్న" అని చదివాను. ఆ మాటకు జవాబు రాక, అవ్వే నిన్ను మాఫ్ చేయలేదనుకున్నావు. అప్పటినుంచి నువ్వు గుడి గడప తొక్కలేదు. తప్పు నాది; ఇన్నేళ్లూ నీకు చెప్పే ధైర్యం చాలలేదు.

యుద్ధం ఆగాక అవ్వ నన్ను కాళేశ్వరం తీసుకుపోయింది. అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలు కదా. ముందు యముడి లింగం మీద చెంబెడు గోదావరి నీళ్లు పోసి, "గిది నా కొడుకును ఇడిసిపెట్టినందుకు" అంది. శివుడి మీద రెండో చెంబు పోస్తూ, "గిది వాని బాంబులకు పోయినోళ్ల కొరకు. ఆళ్లను సల్లగ సూడు తండ్రీ" అంది.

"నీకెట్ల ఎరుక అవ్వా?" అన్నాను.

"నా కొడుకు మనసు నాకెరుక లేదా పిల్లా?"

నీకు రావలసిన జవాబు అదే, అన్నా. నేను రాసిన ఈ ఉత్తరం మాత్రం నీ దగ్గరే దాచుకో, పుస్తకం వాళ్లకు చూపకు. సమ్మె ముగిశాక రా, ఇద్దరం కాళేశ్వరం పోదాం.

నీ చెల్లె