అంటుకున్న ఆకు

వదినా,

నేను బాగానే ఉన్నాను, వేళకింత తింటున్నాను. అన్నయ్యకి ఆ ముక్క చెప్పి కంగారు తగ్గించు.

ఇక్కడ ఆసుపత్రిలో పిల్లల వార్డుకి వెళ్ళి మట్టిబొమ్మలు నేర్పిస్తున్నాను. నిన్నటి దాకా ఆకుల పని. తడిమట్టిని బిళ్ళలా వత్తి, మీద ఆకు పెట్టి అదిమి తీసేస్తే ఈనెలతో సహా అచ్చు పడుతుంది. అందరూ చకచకా తీసేశారు. కాలికి కట్టుతో ఉన్న పిల్ల ఒకతి ఉంది, బుడంకాయ అంటాం. అది మాత్రం చెయ్యి అడ్డం పెట్టి, "లాగొద్దు టీచర్, దానికి మంట పుడుతుంది" అంది. రోజూ కట్టు విప్పించుకునే పిల్ల, దాంతో ఏం వాదిస్తాను? బిళ్ళ కిటికీలో పెట్టి వదిలేశాను. మట్టి ఆరేసరికి ఆకు ఎండి, ముడుచుకుని, దానంతటదే లేచొచ్చింది. అచ్చు చెక్కుచెదరలేదు. ఇక చూడు, డాక్టరు దగ్గర్నుంచి ఊడ్చే ఆమె దాకా అందరికీ చూపించి మా ప్రాణాలు తోడేసింది!

నీళ్ళ మోటారు బాగుచేయించారా? ఎవరైనా ఇటు వస్తుంటే నా పాత స్వెట్టర్ పంపు. పెద్దాడికి ముద్దులు.

అమ్మ పోయిన దగ్గర్నుంచి చిన్నది నాయనమ్మ శాలువా వదలట్లేదని, ఉతకనివ్వట్లేదని, ఏం చెయ్యమంటావని అడిగావు. లాక్కోకు వదినా. మాసితే మాసింది. నేనొచ్చేసరికి దాన్లో అమ్మ వాసన ఇంకా ఉంటే, ఒక్క పూట నాకూ ఇస్తుందేమో కనుక్కో.

నీ ఆడపడుచు