మేరీకి కప్పిన శాలువా

ఆదివారం, రావిర్యాల

పరుగుపందెంలో నెగ్గిన మా మనవరాలు మేరీకి ఇవాళ శంషాబాద్ ఫంక్షన్ హాల్లో శాలువా కప్పారు. మా తాత నిజాం గుర్రపు దళంలో హబ్షీ సిపాయి, ఆఫ్రికా మూలాలవాడు. ఆయనకంటే ఆయన గుర్రమే బాగా తినేదని నానమ్మ అనేది. గర్వంకొద్దీ ఆయన ఫోటో కూడా వేదిక మీద పెట్టించాను.

అది చూసి ఒక పెద్దమనిషి మైకులో, "ఆఫ్రికా నుంచి వచ్చి ఇంత మంచిగ తెలుగు నేర్చుకున్నవా బిడ్డా!" అన్నాడు. అందరూ చప్పట్లు.

"మాది రావిర్యాలనే సార్," అంది మేరీ. ఆ చప్పట్లలో ఎవరికి వినబడింది?

ఆటోలో నా వైపు చూడకుండా, "ఇగ ఆ ఫోటో ఎక్కడికీ తేకు తాతా," అంది.

ఇంటికొచ్చాక దాన్ని మళ్ళీ గోడకు తగిలించడానికి చేయి రాలేదు. పెట్టెలో దాచడానికీ రాలేదు. ఇంకా నా ఒళ్ళోనే ఉంది.