మూడు కాళ్ళ కుందేలు

మస్కట్,
శుక్రవారం మధ్యాహ్నం.

చిరంజీవి అనూహ్యకు అమ్మ దీవెనలు.

ఉభయకుశలోపరి. ఆ ఉభయుల్లో ఒకరు నెల రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి అటువైపు కుశలాన్ని నేనే ఊహించుకుని రాస్తున్నాను. ఇక్కడ నేను, మీ నాన్న బాగానే ఉన్నాం. ఎండలు కాస్త తగ్గుముఖం పట్టాయి, సాయంత్రాలు కిటికీలు తెరుచుకోగలుగుతున్నాం.

నీ ఉత్తరం ఫోటోలు అందాయి. పూర్తిగా తెలుగులో రాశావు. కోపంలో కూడా మన ఇంటి కట్టుబాటు మరిచిపోనందుకు సంతోషించాను. ఇంగ్లీషులో వాదిస్తే నువ్వు నెగ్గుతావు, తెలుగులో అరిస్తే నేను నెగ్గుతాను, అందుకని పెద్ద తగాదాలన్నీ కాగితం మీద, తెలుగులో పడండి అని నువ్వు హైస్కూల్లో ఉన్నప్పుడు మీ నాన్న తీర్పు చెప్పారు. ఆయన చేసిన మంచి పనుల్లో అదొకటి. నేనూ కాగితం మీదే రాసి ఫోటోలు తీసి పంపుతున్నాను. కాకపోతే 'స్వేఛ్ఛ' కాదమ్మా, 'స్వేచ్ఛ'. చ కింద ఛ వత్తు. మనం దేని మీద తగువు పడుతున్నామో ఆ మాటనైనా సరిగ్గా రాయి.

నువ్వడిగినవి వరసగా చెబుతాను. మీ నాన్న మోకాలు పరవాలేదు. సాయంత్రం కురుమ్ బీచ్ దాకా వెళ్ళి నడుస్తున్నారు, నడిచిన దానికన్నా బెంచీ మీద కూర్చున్నది ఎక్కువ. నేను బీపీ మాత్ర వేసుకుంటున్నాను. నీ నీలం స్వెట్టరు ఇక్కడే ఉంది, ఎవరైనా వచ్చేవాళ్ళుంటే పంపుతాను. "ఓటేసేశావా?" అని అమెరికా ఎన్నికల గురించి చివర్న ఒక ముక్క రాసి, కింద రెండు గీతలు గీశావు. దానికి నేనూ చివర్నే జవాబు చెబుతాను. ఈలోగా ఓపిక పట్టు, నేను నెల రోజులుగా పట్టడం లేదూ.

ముందు మీ బామ్మ సంగతి చెప్పాలి. కాకినాడ నుంచి ఫోన్ చేసి, "నువ్వు లైబ్రేరియన్‌కి ఓటేస్తున్నావట కదే కోడలా, మంచిదేలే, చదువుకున్నవాడై ఉంటాడు" అంది. లైబ్రేరియన్ కాదండీ అత్తయ్యా, లిబర్టేరియన్ అన్నాను. అంటే ఏం చేస్తాడంది. పక్కవాడికి హాని చెయ్యనంత కాలం ఏ మనిషినైనా తన మానాన తనని బతకనివ్వాలంటాడు అన్నాను. ఆవిడ, "మరి నీకెందుకు నచ్చాడూ?" అని అడిగింది. మీ నాన్న పక్క గదిలో ఒకటే నవ్వు. నువ్వూ నవ్వుకో, నీకూ అదే కదా కావాలి. "ఇంట్లో అన్నిటికన్నా పెద్ద గవర్నమెంటువి నువ్వే అమ్మా, తొమ్మిదికల్లా ఇంటికి రమ్మనేదానివి" అని రాశావుగా. కన్నతల్లికీ కౌంటీ సర్కారుకీ తేడా తెలియకుండానే నీకు డిగ్రీ ఇచ్చారా?

ఆ లిబర్టేరియన్ పేరు, అదే ఆ మూడో మనిషి పేరు, ఇక్కడ రాయను. రాస్తే నువ్వు ఇక్కడితో చదవడం ఆపేస్తావు. గెలవడని నాకూ తెలుసు, నేనేమీ పిచ్చిదాన్ని కాదు. మిగిలిన ఇద్దరినీ చూస్తే ముందు నుయ్యి వెనక గొయ్యిలా ఉన్నారు. మీ నాన్న మాత్రం ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి అని ఈసారి ఓటు కాగితమే తెప్పించుకోలేదు. నేను అలా ఊరుకోలేకపోయాను. ఎందుకో నీకు తెలుసు, అయినా మళ్ళీ చెబుతాను, ఎందుకంటే నువ్వు దాన్ని "ఆ పచ్చడి గొడవ" అని ఒక్క ముక్కలో తేల్చేశావు.

అది పచ్చడి గొడవ కాదు. తలంటుకుని, మడి కట్టుకుని, మెక్సికో మామిడికాయల్లో పుల్లనివి ఏరి ఏరి పెట్టిన ఆవకాయ. మనం అక్కడున్నప్పుడు ఊళ్ళో తెలుగువాళ్ళు ఏడాది పొడుగునా నా చేతి పచ్చడే తిన్నారు, ఒక్కళ్ళకి కడుపు నొప్పి రాలేదు. లైసెన్సు లేని వంటగదిలో చేసి అమ్ముతున్నానని ఎవరో మహానుభావులు ఫిర్యాదు చేస్తే కౌంటీ నుంచి ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. రానీ. అమ్మొద్దంటే మానేసేదాన్ని. వాళ్ళు జాడీ మూత తీసి, అందులో బట్టలు తెల్లబరిచే బ్లీచ్ పోశారు. ఇంకెవరూ తినకుండానట. అన్నం పరబ్రహ్మ స్వరూపమని చెప్పుకునే ఇంట్లో పుట్టినదాన్ని, ఆ జాడీ వంక అలా చూస్తూ నిలబడిపోయాను. గరాజ్‌లో సీసాలకు పేర్లంటిస్తూ కూర్చున్న నువ్వే ఆరోజు వెక్కి వెక్కి ఏడ్చావు. ఆ వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. నీకు పోయినట్టుంది.

నువ్వు పబ్లిక్ హెల్త్ చదివావు, నీ వాదన నీకుంది. "నీ ఆవకాయ మంచిదే అమ్మా, కానీ అందరి ఆవకాయా నీ ఆవకాయ కాదు" అని రాశావు చూడు, అది మాత్రం బాగా రాశావు. మీ నాన్నకు రెండుసార్లు చదివి వినిపించాను. కానీ ఆ తరవాత "నువ్వు మూడోవాడికి వేస్తే అవతలివాడికి వేసినట్టే" అన్నావు చూడు, అక్కడే నాకు ఒళ్ళు మండింది. అవతలి పార్టీ వాళ్ళు కూడా ఇదే పాట పాడుతున్నారు, మూడోవాడికి వేస్తే మీకు వేసినట్టేనట. ఒకే ఓటు ఇద్దరికీ ఎలా పడుతుందే? ఎవరికీ పడకుండా నాకు నచ్చినవాడికి పడుతుందని ఒక్కళ్ళైనా ఒప్పుకోరేం?

ఇంకో మాట కూడా అన్నావు, మస్కట్‌లో కూర్చుని అమెరికా స్వేచ్ఛ గురించి మాట్లాడకమ్మా అని. ఇక్కడ కూడా పచ్చడి అమ్మాలంటే మునిసిపాలిటీ అనుమతి కావాలి. అందుకే అమ్మను, పంచిపెడతాను. ఇక్కడ మనం అతిథులం, వాళ్ళ ఇంటికి వాళ్ళ పద్ధతి. అక్కడ మాత్రం చెయ్యెత్తి ప్రమాణం చేసి పౌరురాలినయ్యాను. నోరెత్తితే అక్కడే ఎత్తాలి.

ఇదంతా ఆరోజు ఫోన్లో చెప్పబోయాను. నువ్వు చెప్పనిస్తే కదా. నీ పార్టీ ఆఫీసులో ఎవరో పిలుస్తుంటే హడావుడిగా, ఇంగ్లీషులో, "నువ్వు అతనికే వేస్తే నాకిక ఫోన్ చెయ్యకు" అని పెట్టేశావు. కట్టుబాటు తప్పావు. తెలుగులో అని ఉంటే కోపంలే అనుకునేదాన్ని. ఇంగ్లీషులో అనేసరికి ఆలోచించే అన్నావనిపించింది. ఆ తరవాత పదిసార్లు చేశాను. ఎత్తలేదు.

కింది ఫ్లాటులో అజీజా ఉంది చూడు, బలూచీ ఆవిడ, నాతో హిందీలో మాట్లాడుతుంది. ఖర్జూరాలు పట్టుకొచ్చి, ఏమిటి మొహం అలా పెట్టావని అడిగింది. ఓటు కాగితం బల్ల మీదే ఉంది. అంతా చెప్పాను, నుయ్యి, గొయ్యి, ఆవకాయ, నువ్వు ఫోన్ పెట్టెయ్యడం. ఆవిడ కొడుకు సోహార్ పోర్టులో పనిచేస్తాడు, వారానికోసారి తప్పకుండా ఫోన్ చేస్తాడు. అంతా విని, ఆ కాగితం మీద ముగ్గురి పేర్లూ వేలితో చూపించి ఒకటే అడిగింది.

"వీళ్ళలో ఎవరికి వేస్తే నీ కూతురు ఫోన్ చేస్తుంది?"

నా దగ్గర దానికి జవాబుంది. అదే నా ఖర్మ. ఆవిడ మంచికే అడిగింది, తప్పు ఆవిడది కాదు.

ఇప్పుడు నువ్వు రెండు గీతలు గీసిన ప్రశ్నకు వస్తాను. ఓటేశాను. నీ మనిషికి వేశాను.

ఆగు, అప్పుడే సంతోషపడకు. ఆయన మాటలు నచ్చి వెయ్యలేదు. నువ్వు మాట్లాడకపోతే తట్టుకోలేక వేశాను. పెన్నుతో ఆ పేరు పక్కనున్న గుండ్రం నింపుతుంటే మొహం చిట్లించుకున్నాను, చేదు మందు తాగినట్టు. మీ నాన్నకు కూడా చెప్పలేదు. రూవి వెళ్ళి కొరియర్‌లో వేసి వస్తుంటే కారులో ఆయన, "నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, మార్చుకోవు కదా" అని వేళాకోళం చేశారు. మార్చుకోను అన్నాను. ఆయన నమ్మారు. తలుపు వైపు తిరిగి కూర్చున్నాను. పోనీ అప్పుడే నీకు చెప్పి ఫోన్ చేయించుకోవచ్చుగా అంటావేమో. ఓటైతే వేశాను గానీ, వేశానని చెప్పడానికి మనసొప్పలేదు.

మొన్న కౌంటీ నుంచి ఈమెయిల్ వచ్చింది. ఓటు కవరు మీది సంతకం మా దగ్గరున్న మీ సంతకంతో సరిపోవడం లేదు, మీదే అయితే ఫోన్ చేసి చెప్పండి, లేకపోతే ఓటు లెక్కలోకి రాదు అని. ముందు నాకు అర్థం కాలేదు. తరవాత తట్టింది. పౌరసత్వం వచ్చిన రోజున, అక్కడే ఓటరుగా నమోదు చేస్తూ, మీకు అలవాటైన సంతకం పెట్టండి అంది ఒకావిడ. నేను తటపటాయిస్తుంటే పక్కన నిలబడి ఉన్న నువ్వు, "అమ్మా, తెలుగులో పెట్టు, నీ పేరులో శ్రీ బాగుంటుంది" అన్నావు. పెట్టాను. ఇంటికొచ్చాక అలాంటిదే ఇంకోటి పెట్టించుకుని, దాన్ని చూసి శ్రీ రాయడం నేర్చుకున్నావు. ఆ కాగితం నీ పెట్టెలో ఇంకా ఉందని తెలుసు.

ఇక్కడికొచ్చాక రూవిలో బ్యాంకు ఖాతా తెరవబోతే, కౌంటర్లో అబ్బాయి నా సంతకం చూసి, "మేడమ్, ఈ డిజైన్ వద్దు, ఇంగ్లీషులో పెట్టండి" అన్నాడు. డిజైనట. పోనీలే అని పెట్టాను. అప్పటినుంచి ఎక్కడ చూసినా అదే, చెయ్యి దానికే అలవాటు పడిపోయింది. ఆ కవరు మీదా అదే గిలికేశాను. అన్నేళ్ళు పచ్చడి సీసాల మీద, నీ స్కూలు కాగితాల మీద పెట్టిన సంతకం నాకే గుర్తు రాలేదు.

నిన్న సాయంత్రం, అక్కడ ఆఫీసు తెరిచే వేళ చూసి ఫోన్ చేశాను. ఒకావిడ ఎత్తింది, చాలా మర్యాదగా మాట్లాడింది. పేరు, పుట్టిన తేదీ అడిగింది. సంతకం మీదేనా అంది. నాదే అన్నాను. "లోపలి ఓటు మీరే, మీ ఇష్టప్రకారమే వేశారు కదా?" అంది. అలవాటు కొద్దీ అడిగి ఉంటుంది పాపం. అవునంటే అయిపోయేది. మళ్ళీ చేస్తానండీ అని పెట్టేశాను.

గడువు ఇంకా ఉందట. నేను చెయ్యను. సంతకం నాదే, ఓటు నీది, రెండూ కలిపి నావని చెప్పలేను. నా సంతకం కాదని అంత దూరంలో ఉన్న ముక్కూమొహం తెలియనివాళ్ళు కనిపెట్టారు. అందులో ఉన్నది కూడా నేను కాదని వాళ్ళకెలా తెలుస్తుంది?

నిజం చెప్పు, ఎవరికి ఒరిగిందే ఇందులో? మూడో మనిషికి నేను వెయ్యలేదు. నీ మనిషికి వేసినా చెల్లలేదు. నా కుందేలుకు మూడే కాళ్ళు, కుంటుకుంటూ దాని దారిన అది పోయేది. నువ్వు బలవంతాన నాలుగో కాలు అతికించావు, ఇప్పుడది అసలు కదలడమే లేదు. మనిషిని తన మానాన బతకనివ్వాలనేవాడికి ఓటెయ్యడానికి, నా మానాన నన్ను నా కూతురు వదల్లేదు. దీనికి నాకు కోపం వస్తోంది అనూ, నీ మీద, అంతకన్నా నా మీద.

నీ ఓటు నీ మనిషికి వేసుకో, తప్పకుండా వేసుకో. ఊరంతా తిరిగి అడుక్కో. నీకు ఎదురు చెప్పినవాళ్ళతో రోజంతా ఓపిగ్గా మాట్లాడతావని నీ స్నేహితురాలు నాదియా పోయిన నెల ఫోన్లో మెచ్చుకుంది. వాళ్ళ గుమ్మాల ముందు చూపించే ఓపికలో నాకు కొంచెం మిగల్చకపోయావా? నాలుగేళ్ళకు మళ్ళీ ఎన్నికలొస్తాయి. అప్పుడు నేను మూడో మనిషికే వేస్తాను, ఎవరు నిలబడినా సరే. నువ్వు ఇప్పట్నుంచే అలగడం మొదలుపెట్టు, కేకలెయ్యి, ఉత్తరాలు రాయి, వత్తులు తప్పు రాయి. ఫోన్ మాత్రం ఎత్తు.

మీ నాన్నకు ఈ రాత్రి భోజనాల దగ్గర చెబుతాను. నవ్వుతారు. నవ్వనీ.

ఇట్లు,
నీ మీద కోపంగా ఉన్న మీ అమ్మ,
శ్రీలక్ష్మి

ఈ సంతకం తెలుగులోనే పెట్టాను. పాతది నీ పెట్టెలో ఉందిగా, పక్కపక్కన పెట్టి చూడు. సరిపోతే ఫోన్ చెయ్యి.